లేవు అనే బటన్

మార్కాపురంలో బోరుబండ్లు నడిపే ఒకాయనకు నేనొక వెబ్ పేజీ రాసిచ్చాను. పని చిన్నదే. బోరు వేయడం అయిపోగానే డ్రైవరు ఫోనులో "పడినాయి", "లేవు" అనే రెండు బటన్లలో ఒకటి నొక్కాలి. దాన్నిబట్టి రైతుకు మెసేజ్ పోవాలి. నాలుగేళ్లు బీటెక్ చదివి రెండు బటన్లు పెట్టానని మా అమ్మ ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

నేను వాడిన కంప్యూటర్ భాష జావాస్క్రిప్ట్ లెక్కలో ఆ బటన్లు ట్రూ, ఫాల్స్. అంటే అవును, కాదు. అడవి అంచు పొలాల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి డ్రైవరు నొక్కినదాన్ని ముందు ఫోనులోనే దాచి, సిగ్నల్ అందాక పంపాలి. ఆ దాచే చోట అక్షరాలు తప్ప ఇంకేమీ పట్టవు. అందుకని ట్రూనీ ఫాల్స్‌నీ స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాల వరసగా మార్చాను. దానికి ఒక్క మాట రాస్తే చాలు. అంత తేలికైన పని ఆ నెలలో మరొకటి చేయలేదు.

పరీక్షించే రోజు ఓనరు బండికి నిమ్మకాయలు కట్టించి, ఫోనుకు కూడా బొట్టు పెట్టాడు. సరిగ్గా కెమెరా మీద. నేను "పడినాయి" నొక్కాను. మెసేజ్ వచ్చింది. "లేవు" మీదికి వేలు పోనిచ్చేసరికి ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఏందిరా అది? పూజ చేసిన పొద్దు లేవు అంటావా?"

"పనిచేస్తాదో లేదో చూడాల గదన్నా."

"అది పనిచేయకుంటే మనకే మంచిది. ఆ పక్కదే నొక్కు. ఇంకో పదిసార్లు నొక్కు."

నొక్కాను. పదిసార్లూ నీళ్లు పడ్డాయి. మా పడమటి పల్లెల్లో ఒక్క పూటలో అన్ని బోర్లకు నీళ్లు పడటం అదే మొదలు, అదే ఆఖరు. బండి దగ్గర "లేవు" అనే మాటే ఎవరూ అనరు. నీళ్లు పడకపోతే "దుమ్ము లేసింది" అంటారు, అదీ తల తిప్పుకుని. నాకు నవ్వొచ్చింది. కానీ ఇంటికి పోయాక, ఎవరూ చూడనప్పుడు కూడా, నేను రెండో బటన్ నొక్కలేదు. ఆ వారంలోనే మా పెద్దనాయన బోరు ఉంది.

పెద్దనాయనది పెద్దారవీడు పక్క. బత్తాయి తోట. అప్పటికి రెండు బోర్లు వేస్తే రెండింటిలోనూ దుమ్మే. చెట్లు ఆకు ముడిచేశాయి. మూడోదీ పోతే తోట కొట్టేయడానికి కట్టెల మేస్త్రీని మాట్లాడి పెట్టాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు ఎక్కడ వేయాలో చూసే మనిషి, "రెండుసార్లూ నువ్వు నిలబడినావు, రెండుసార్లూ దుమ్మే. ఈసారి నువ్వు పొలంలో ఉండొద్దు" అన్నాడట. దాంతో పెద్దనాయన పొద్దున్నే బస్సెక్కి, నేను పనిచేసే జిరాక్స్ షాపుకు వచ్చి కూర్చున్నాడు. భూమిలోని నీళ్లు, తాము ఉండాలో వద్దో ఈయన నీడను చూసి తేల్చుకుంటాయన్నమాట. ఆ ముక్క పైకే అన్నాను. ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నం ఆయన ఫోనుకు మెసేజ్ వచ్చింది. కళ్లజోడు తేలేదని నా చేతికిచ్చాడు.

"మీ బోరులో నీళ్లు పడినాయి. శుభం."

"మళ్లా సదువు."

మళ్లీ చదివాను. శుభం అనే మాట చేర్చింది నేనే. ఆయన వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసి, "రావొద్దులే అబ్బాయ్, చెట్లు బతికినాయి" అన్నాడు. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఫ్యాను గాలికి కళ్లు మండుతున్నాయన్నాడు. ఫ్యాను వారం నుంచి తిరగడం లేదు.

అరగంటకు పెద్దమ్మ పొలం నుంచి ఇంటికొచ్చి ఫోన్ చేసింది. దుమ్మే లేసింది, బండి వెళ్లిపోయింది, నువ్వు బస్సెక్కి వచ్చెయ్ అంది.

"మెసేజ్ వచ్చింది గదే" అంటూ ఆయన నా వైపు చూశాడు.

ల్యాప్‌టాప్ తెరిచాను. దాచిన మాటను బయటికి తీసినప్పుడు, అది "ట్రూ" అనే మాటేనా అని పోల్చి చూడమని రాయాలి. నేను ఊరికే "ఇది నిజమా?" అని అడిగి వదిలేశాను. అక్షరాలుగా మారిన ఫాల్స్‌కు అర్థం పోతుంది. జావాస్క్రిప్ట్ అక్కడ ఖాళీగా ఉందా, ఏమైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఏ అక్షరాలున్నా సరే, నిజమే అనుకుంటుంది. ఒక్కసారి "లేవు" నొక్కి ఉంటే మొదటి రోజే బయటపడేది.

"తప్పు నాదే పెద్దనాయనా. లేవు అని నొక్కినా పడినాయనే పోతాది. నేను నొక్కి చూడలేదు."

"ఎందుకు చూడలేదురా?"

"నీ బోరు ఉంది గదా అని."

తిడితే ఏమని జోకు వేయాలో ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. తన ఫోను నా చేతిలో పెట్టి, "మేస్త్రీకి నువ్వే చెప్పు. బతికినాయని నా నోటితోనే చెప్తిని" అన్నాడు.

ఫోన్ చేశాను. మేస్త్రీ నవ్వాడు. "ఏంది సామీ, గంటకే మళ్లా జబ్బు చేసిందా? అన్నీ కొట్టాల్నా, కొన్ని ఉంచాల్నా?"

ఫోను మీద చేయి అడ్డం పెట్టి పెద్దనాయనను అడిగాను.

"గేటు కాడ నాలుగు ఉంచమను. మీ పెద్దమ్మ బిందెలతో పోస్తాది." అంటూనే తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. దానికి మోకాళ్లు నొప్పులు."

"అన్నీ" అని చెప్పాను మేస్త్రీకి.