తలపిన్నుతో వెలిగిన బల్బు

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులోనే పెట్టుకుని తిరిగాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తంగళ్ళపల్లి వైపు ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని నేను. అక్కడ ఆడవాళ్లు నూలు కండెలు చుడతారు, మగవాళ్లు సాంచాలు నడుపుతారు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. తొమ్మిదో తరగతిలో లావణ్య అనే పిల్ల ఉండేది. తండ్రికి సద్ది తీసుకుపోయి, సాంచాల దగ్గరే నిలబడిపోయేది. ఒకరోజు అట్టముక్క మీద ఏదో కట్టి తెచ్చింది. బిగించిన దారానికి తన తలపిన్ను వేలాడుతోంది. దారం తెంపింది. పిన్ను కింది తీగల మీద పడి బల్బు వెలిగింది.

"మా బాపు ఒక్కడే అన్ని సాంచాలు జూస్తడు మేడం. ఏడ దారం తెగిందో గిట్ల జల్ది ఎర్కైతది. నేను సాంచాలు తయారుజేసే ఇంజనీర్నైత."

అబ్బ, ఎంత ముచ్చటేసిందో! జగిత్యాలలో సైన్సు ఫెయిర్‌కు తీసుకెళ్లాను. తీరా జడ్జీలు మా బల్ల వైపు వస్తుంటే నాకు గుబులు పట్టుకుంది. మిషన్ గురించి ఆడపిల్ల చెబితే నమ్ముతారా? ఇంట్లో ఎవరో చేసిచ్చారనుకోరా? గబుక్కున మా క్లాసు లీడరు కుర్రాణ్ని ముందుకు తోసి, లావణ్యను చార్టు పట్టుకోమన్నాను.

"మేడం, గది నేను జేసిన గదా?"

"సాంచా మగోళ్ల పని బిడ్డా. నువ్వు జెప్తె ఎవరింటరు? జెర సప్పుడు జెయ్యకు."

బహుమతి వచ్చింది. వాడికి మెడల్, నాకు శాలువా. ఆ తర్వాత లావణ్య క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకుంటావని అడిగితే, "ఏదైతేంది మేడం" అంది. ఆ పిల్ల నలుగురిలో చిన్నబోకూడదనే అలా చేశానని, లోకం తీరే అంత కదా అని, ఏళ్ల తరబడి నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. నాకు కావలసింది బహుమతి. అంతే.

మొన్న కోరుట్లలో బట్టల దుకాణంలో చీరలు చూపిస్తూ కనబడింది. లావణ్యే. గబగబా వచ్చి కాళ్లకు దండం పెట్టింది. పక్కన పదో తరగతి కూతురు.

"దీనికి మిషిన్ల పిచ్చి మేడం. మిక్సీ ఇప్పుతది, ఫ్యాను ఇప్పుతది. గవి మగోళ్ల పనులని మీరు నాకు జెప్పిన మాటనే దీనికి జెప్తున్న. మీరన్న చెప్పుండ్రి."

కోపం లేదు ఆ గొంతులో. గౌరవమే ఉంది. కూతురు నా మొహంలోకే చూస్తోంది, ఆ మాట కాదంటానేమోనని ఆశగా.

నేను చీర రంగు పోతుందా అని అడిగాను.

ఛీ, ఏం మనిషిని! ఇప్పుడు రాస్తున్నాను: ఆ బల్బు లావణ్యది. నేనన్నది తప్పు. రాశాక గొంతు కాస్త తేలికైంది.

లావణ్య కూతురికి మాత్రం ఇంకా చెప్పలేదు.