తువ్వాలు కింద వెబ్‌సైటు

అసిరయ్య మావ నోటిమాటను నమ్మడు. ఎవరి నోటినీ నమ్మడు, తన నోటితో సహా. వేళ్ళని నమ్ముతాడు. అవి కూడా తువ్వాలు కింద ఉంటేనే.

ఆయన పశువుల బేరగాడు. రాజాం చుట్టుపక్కల సంతల్లో నలభై ఏళ్ళుగా ఎడ్లు కొనిపిస్తున్నాడు, అమ్మిస్తున్నాడు. మా సంతల్లో ఎద్దు ధర నోటితో చెప్పరు. ఇద్దరు చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. చుట్టూ యాభై మంది ఉన్నా గుడ్డ కదలడం తప్ప ఏమీ కనపడదు. సంత అయ్యాక మిగతా బేరగాళ్ళు తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి పోతారు. మావ మాత్రం ఆ సంతని పెళ్ళికీ, చర్చికీ, సర్కారు కచేరీకీ వెంట తీసుకుపోతాడు.

ఒక పెళ్ళిలో వంకాయ కూర ఎలా ఉందని పెళ్ళికొడుకు తండ్రి అడిగితే పంక్తి మొత్తం ‘బెమ్మాండం బావా’ అంది. మావ తువ్వాలు విసిరి పక్కవాడి ఎంగిలి చేతినే పట్టేశాడు.

“అయిదుకెంత?”

పక్కవాడు లోపల ఒక వేలు ఇచ్చాడు కాబోలు, మావ లేచి వంటశాలలోకి వెళ్ళి ఉప్పు తెచ్చి విస్తరి విస్తరికీ వడ్డించాడు. పెళ్ళికొడుకు తండ్రి మొహం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

క్రిస్మస్ నాడు బాప్టిస్టు చర్చిలో రాబర్ట్ పాస్టరుగారు రెండు గంటలు ప్రసంగించారు. గుమ్మం దగ్గర అందరూ ‘దీవెనకరంగా ఉందయ్యగారూ’ అని చేయి కలుపుతున్నారు. మావ కూడా వరసలో నిలబడి, చేయి కలిపి, దాని మీద తువ్వాలు కప్పి రెండు వేళ్ళు నొక్కాడు. పాస్టరుగారు ఏమీ అర్థం కానట్టు నవ్వారు. తర్వాతి ఆదివారం ప్రసంగం ముప్పావుగంటలో అయిపోయింది.

వీటికి మించింది ఇంకోటి. పింఛన్ల అర్జీలు పట్టుకుని ఒక కచేరీకి వెళ్ళాం. “వారంలో అయిపోతుందయ్యా” అన్నాడు అధికారి. అసలు ఎన్ని వారాలో తెలుసుకుందామని మావ టేబులు మీదుగా ఒంగి ఆయన చేతి మీద తువ్వాలు కప్పేశాడు. పోలీసుల్ని పిలుస్తాడనుకున్నాను. అధికారి చేయి లాక్కోలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుని, అరచేతిని మెల్లగా పైకి తిప్పాడు.

బయటికొచ్చాక మావ అన్నాడు: “ఆ బాబుకి సంత అలవాటేనే!”

ఇలాంటి మనిషి చేతికి మా వెబ్‌సైటు చిక్కింది.

అది 2015 వేసవి. మా ఊరి గోనె మిల్లుకి తాళం పడి అప్పటికి ఏడాది దాటింది. మిల్లు మగవాళ్ళకి ధర్నాలూ, చర్చలూ, కమిటీలూ ఉన్నాయి. ఆడవాళ్ళని ఏ చర్చకీ ఎవరూ పిలవలేదు. పన్నెండు మంది కలిసి క్రైస్తవ మిషను వాళ్ళ పాత హాస్టలు వసారాలో కుట్టు మిషన్లు పెట్టుకుని గోనె సంచులు కుట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకి పెద్ద, ఊరి చివర దళితపేట నుంచి వచ్చే షీబా. మాటకి ముందు నవ్వు వచ్చే మనిషి. ముసలి తల్లీ, రెండో తరగతి చదివే కూతురు రూబీ తప్ప ఆమెకి ఎవరూ లేరు.

నేను రాసేదాన్ని. కరపత్రాలు, అర్జీలు, పత్రికలకి ఉత్తరాలు. మావ నాకు ‘రాతలమ్మ’ అని పేరు పెట్టాక అసలు పేరు ఊరంతా మరిచిపోయింది. సంచులు ఊళ్ళో ఎన్నని కొంటారు, నెట్‌లో పెడదామన్నది నేనే. రాజాంలో కంప్యూటర్ సెంటరు నడిపే మురళీమోహన్ వెబ్‌సైటు తయారుచేశాడు. అందులో మాటలన్నీ నావి.

మూడు నెలలు గడిచాయి. ఒక్క ఆర్డరు లేదు. మేస్త్రీ నరసింగరావు వచ్చి చెన్నైలో బిల్డింగు పనికి పేర్లు రాసుకున్నాడు. జూన్ ఇరవైన రైలు. ఆరుగురు పేర్లిచ్చారు. మొదటి పేరు షీబాది.

“మరి రూబీ?” అన్నాను.

“మాయమ్మ సూసుకుంటాది. నాకేటి మేడమ్, ఎల్లొస్తాను. అందరూ ఎల్లట్లేదేటి?” అని నవ్వింది.

పశువుల పాకకి పాత గోనెలు కావాలని మావ వచ్చింది ఆ రోజే. వెంట ఎర్రన్న అనే రైతు కూడా ఉన్నాడు. మావ మా మొహాలు చూసి సంగతి అడిగాడు.

“నెట్‌లో దుకాణం పెట్టాం మావా. ఎవరూ కొనట్లేదు. ఎలా ఉందని అందర్నీ అడిగాను. అందరూ బాగుందన్నారు.”

“అడిగినప్పుడు కాపీ ఇచ్చినావా?”

“ఇచ్చాను.”

“నీ కాపీ తాగి నీ మొకం మీద బాగులేదంటాడేటే ఎవుడైనా?”

మావ ఏదో ఆలోచించి, తువ్వాలు తీసి, షీబా చేతి మీద కప్పాడు. ఒక్క క్షణం. సంచి ధర అడిగాడనుకున్నాను. తువ్వాలు తీసి మళ్ళీ తలకి చుట్టుకుంటుంటే ఎర్రన్న గొంతు తగ్గించాడు.

“ఆ పేట గుంట సెయ్యి మీద కప్పి, అదే తలకి సుట్టేస్తన్నావేటి బావా?”

మావ ఆ తువ్వాలే విప్పి ఎర్రన్న చేతి మీద కప్పి వేళ్ళు లెక్కపెట్టాడు. “నీకూ అయిదే ఉన్నాయి బావా. ఆరోది ఉంటే సెప్పు, నీకు ఏరే గుడ్డ తెస్తాను.” మావ మావైపు తిరిగాడు. “శనోరం సంతకి రండి. మీ దుకాణాన్ని నడిపించి సూద్దుము.”

సంతలో దాలమ్మ టీ పాక కింద పీట వేశాడు. స్మార్ట్‌ఫోన్ ఉన్న అయిదుగుర్ని ఎక్కణ్ణుంచో పోగేశాడు. బ్యాంకు గుమస్తా, మందుల షాపాయన, స్కూలు టీచరు శైలజ, ఇంకో ఇద్దరు. ఒక్కొక్కరితో ఒకటే మాట: “ఇందులో ఓ సంచి కొను తల్లీ. కొను బాబూ.” మాకు మాత్రం నోరెత్తకూడదని ఆజ్ఞ.

ముందు శైలజగారు తెరిచారు. తెరవగానే ఫోనులోంచి సన్నాయి మేళం మోగింది. తెర మీద గులాబీలు రాలడం మొదలైంది. పక్కనున్న కోడె బెదిరి పలుపు తెంపుకుంది. దాన్ని పట్టుకుని తెచ్చేసరికి శైలజగారు ఇంకా వేలితో తెరని పైకి తోస్తూనే ఉన్నారు. తోస్తున్నారు, తోస్తున్నారు. మిల్లు చరిత్ర, కార్మిక చట్టాలు, గోనె పరిశ్రమ సంక్షోభం. అన్నీ నేను రాసినవే. సంచి కనపడదు.

ఉండబట్టలేకపోయాను. “ఇంకొంచెం కింద...”

“నోర్ముయ్యే!” మావ అరుపుకి దాలమ్మ చేతిలో గ్లాసు ఒలికింది. “ములుగర్రతో పొడిసి నడిపిత్తే అది ఎద్దు నడకేటి? నీ నడక!”

పదకొండు నిమిషాల తర్వాత ఆమె ఫోను పక్కన పెట్టారు. సంచి దొరకలేదు. “చాలా బాగుంది మేడమ్. మీరు రాసింది చదువుతుంటే కళ్ళు చెమర్చాయి” అన్నారు. నేను పొంగిపోయాను. మావ తువ్వాలు కప్పాడు, తీశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. మిగతా నలుగురూ అంతే. నోటితో ‘సూపర్’, ‘ఫస్ట్ క్లాస్’. తువ్వాలు కింద ఏమిచ్చారో మావకే తెలుసు. మందుల షాపాయన సంచి దాకా వెళ్ళాడు పాపం. కానీ ఫోన్ నంబరు బొమ్మలో ఉంది. నొక్కితే కాల్ వెళ్ళలేదు.

ఆ సాయంత్రం వసారాలో అందరం కూర్చున్నాం. మురళీమోహన్ కూడా వచ్చాడు.

“ఎంత మావా?” అంది షీబా.

“మొత్తం మీద ఒకటి. కొమ్ములకి రంగులు, మెడకి గంటలు, ఈపు మీద పూలు. ఇన్నేసి తోలుకొత్తే కొనీవోడు ఏటనుకుంటాడు? కాలు కుంటిదేమో అనుకుంటాడు!”

“ఆ పూలు ఫ్రీగా వచ్చాయండీ” అన్నాడు మురళీమోహన్.

నేను ఊరుకునే మనిషిని కాను. శ్రమని కప్పేసే తళుకుల సంస్కృతి మీద పది నిమిషాలు దంచాను. కుట్టింది షీబా అయితే, సంచి పట్టుకున్న ఫొటోలో తెల్లజాతి పిల్ల ఎవరని నిలదీశాను. మురళీమోహన్ తల వంచుకున్నాడు. మావ నా వైపు అదోలా చూసి, పక్కకి జరిగి, నా చేతి మీద తువ్వాలు వేశాడు.

లోపల నా చేతికి తగిలింది వేలు కాదు. గుప్పిట, అంటే సున్నా.

“ఇది దేనికి?” అన్నాను మెల్లగా.

“నువ్వు రాసినదానికి” అన్నాడు అంతకంటే మెల్లగా.

“అయిదుగురూనా?”

గుప్పిట ఇంకా బిగిసింది.

“శైలజగారికి కళ్ళు చెమర్చాయి కదా!”

“దాలమ్మ పొయ్యి పొగ.”

ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. ఎడిటర్లు తిరగ్గొట్టారు, పోలీసులు కరపత్రాలు లాక్కున్నారు. గుప్పిట మాత్రం ఎవరూ ఇవ్వలేదు. “ఏటంతన్నాడు మేడమ్?” అని ఆడవాళ్ళు అడిగారు.

“రాత బెమ్మాండం అంతన్నాను” అని మావ గట్టిగా చెప్పి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి నాతో మాత్రం అన్నాడు: “మానీయక్కర్లేదు. సివరాకర పెట్టు. సంచి కొన్నోడు సదువుతాడు.”

మర్నాడు ఉక్రోషంతోనే కూర్చున్నాను. పద్నాలుగు పేరాలు చివరికి పోయాయి. మొదట నాలుగు ముక్కలు మిగిలాయి: ‘గోనె సంచి. కుట్టింది షీబా. ఏడు కిలోల బియ్యం మోస్తుంది. ఈ నంబరు నొక్కితే షీబాయే మాట్లాడుతుంది.’ తెల్ల పిల్ల పోయి షీబా వచ్చింది. పూలూ సన్నాయీ మురళీమోహనే తీసేశాడు. రెండో సంతలో మావ చెప్పిన లెక్క రెండున్నర. కొలతలు లేవన్నారట, పెట్టాం. మూడో సంతలో నాలుగు.

జూన్ పదిహేడున షీబా ఫోను మోగింది. విజయనగరం నుంచి ఎవరో ఆవిడ. శ్రావణంలో కూతురి పెళ్ళి, తాంబూలానికి మూడు వందల సంచులు. “నువ్వేనామ్మా ఫొటోలో ఉన్నది?” అని అడిగిందట. షీబా ఫోను పెట్టేసి, మిషను మీద తల ఆన్చి చాలాసేపు లేవలేదు. తర్వాత మేస్త్రీకి ఫోను చేసింది. ఇరవయ్యో తారీకు రైలు ఆరుగురు లేకుండానే వెళ్ళింది.

ఆ రోజు షీబా నాకు చెప్పిన మాట నాకు తగిలిన ఆఖరి దెబ్బ.

“మొదటి దినం మావ గుడ్డ కింద ఏటడిగినాడో తెలుసా మేడమ్? సంచి రేటు కాదు. ‘ఎల్లాలనుందేటే అమ్మీ?’ అన్నాడు, నాకొక్కదానికే ఇనపడేలాగ. నోటితో అయితే ఉందనీదాన్ని. గుప్పిట పెట్టీసేను.”

నేను మీటింగుల్లో మైకు పట్టుకుని ‘మీ గొంతు విప్పండి’ అంటాను. మూడు నెలలు పక్కనే కూర్చుని షీబా నవ్వునే నమ్మాను. మావ మాత్రం ఆ గుప్పిట పట్టుకుని మూడు సంతలు ఒక్క ఎద్దునీ బేరం చెయ్యకుండా మా ఫోను చుట్టూ తిరిగాడు.

వెళ్ళి నిలదీశాను. “ఈ మాట నాకెందుకు చెప్పలేదు మావా?”

“ఎద్దుని అమ్ముకున్నోడు ఎంతకి లొంగిపోయినాడో సంతంతా తెలవాలేటి? అందుకే కదే గుడ్డ!” అన్నాడు. అంతటితో ఆగలేదు. “నీ గుప్పిట సంగతి మాత్రం ఎవులికైనా సెప్పినానేటి?”

చెప్పలేదు. నేనే చెబుతున్నాను.

ఇది రాసి మొన్న మావకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. “బెమ్మాండం” అన్నాడు. నేను మాట్లాడకుండా చేయి చాపాను. మావ నవ్వి తువ్వాలు కప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిటికెన వేలు మాత్రం వదిలేశాడు.

“ఇదెందుకు వదిలావు?”

“మజ్జిలో నీ ఉపన్యాసం ఉన్నాది. అదెవుడూ సదవడు.”

తీసేశాను. మళ్ళీ వినిపించలేదు.