మిరప బస్తాల మధ్య బిస్కెట్ ఉండలు

మిర్చి కోల్డ్ స్టోరేజీలో పాతికేళ్ళుగా మేస్త్రీగా ఉన్న చెంచురామయ్య, తాను పదకొండు పెళ్ళిళ్ళకు లడ్డూలు చుట్టిన సంగతి పలకరించిన ప్రతివాడికీ మీసం దువ్వుతూ చెబుతాడు. మనవరాలు భవ్య పుట్టినరోజుకు బేకరీ కేకు వద్దన్నాడు. క్రీమ్ బిస్కెట్లు రోట్లో దంచి, మీగడ వేసి పిసికి, నున్నగా ఉండలు చుట్టాడు. గట్టిపడాలని ఫ్రిజ్‌లో పెట్టబోతే కరెంటు పోయింది. "ఈ బుల్లి పెట్టె ఎందుకే, నాకు మూడంతస్తుల ఫ్రిజ్ ఉంది" అని భవ్యతో అంటూ పళ్ళెం కోల్డ్ స్టోరేజీకి పట్టుకెళ్ళి మిరప బస్తాల మధ్య పెట్టి వచ్చాడు.

సాయంత్రం భవ్య స్నేహితురాళ్ళు ఉండలు కొరికి వరసగా దగ్గారు. "పరువు తీశావు తాతయ్యా, ఒకటే ఘాటు" అంది భవ్య. ఆయనా ఒకటి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ మీసం కదలలేదు. "గుంటూరులో చేసినట్టు తెలియొద్దటే?" అన్నాడు. దగ్గుతూనే ఓ పిల్ల రెండోదానికి చెయ్యి చాచింది. మర్నాటి నుంచి ఆయన పన్నెండు పెళ్ళిళ్ళని చెబుతున్నాడు.