బెల్ జార్‌లో ఊదా వెలుగు

మారేడ్‌పల్లిలో నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీలో మా విభాగాధిపతికి తెలియనిదంటూ లేదు. కనీసం ఆయన అభిప్రాయం అది. తెనాలి నుంచి వచ్చి, ఏళ్ల తరబడి అవే పసుపు పచ్చబడ్డ నోట్సు చదివి, తనను తాను శాస్త్రవేత్తనని నమ్మేసిన మనిషి.

వార్షికోత్సవానికి ఆయనకో ఆలోచన వచ్చింది. మా ల్యాబులో చిన్న స్థిరవిద్యుత్ యంత్రం ఉంది. బ్యాటరీతో రబ్బరు బెల్టు తిరిగి పైనున్న లోహపు గుండుకు చార్జి మోస్తుంది. పక్కన ఇంకో గుండు పెడితే రెండింటి మధ్యా టపటపా నిప్పురవ్వలు దూకుతాయి. ఆ యంత్రం మీద గంట ఆకారపు గాజు మూత, అదే బెల్ జార్, బోర్లించి పంపుతో గాలి లాగేస్తారట.

“చార్జి కారిపోయేది గాలి వల్లేగా? గాలే లేకపోతే రవ్వ జానెడు పొడుగొస్తుంది, చూస్తూ ఉండండి!” అన్నాడు మాతో.

చిలకలగూడ నుంచి వచ్చే మా ల్యాబ్ అసిస్టెంటు మెల్లగా అంది. “సార్, మన పంపు గాలి మొత్తం గుంజదు. గాలి గట్ల పల్చగైతే చార్జి ఇంకా జల్ది పోతది. రవ్వ రాదు.”

“మొత్తం తీయగలిగితే?” అన్నాను.

“అప్పుడు గుండు మీది చార్జి గట్టిగ నిలుస్తది మేడం. గని బెల్టుకు చార్జి ఎక్కాలంటే సుత మన మిషన్ల గాలి ఉండాలె గదా.”

“నువ్వు గాజు తుడుచుకోమ్మా. ఫిజిక్స్ మేం చూసుకుంటాం,” అన్నాడాయన. ఆ ‘మేం’లో నన్నూ కలిపాడు. ఆమె చెప్పింది నిజమని తెలిసీ నేను నోరు మెదపలేదు. ఆయన మీదున్న ఏవగింపులో సగం నా మీద కూడా ఉంది.

వార్షికోత్సవం రోజు తల్లిదండ్రులతో హాలు నిండింది. పంపు గర్రుమంది. టపటపలు సన్నగిల్లి ఆగిపోయాయి. బెల్టు పొడవునా, గుండు చుట్టూ ఊదా వెలుగు పొగలా అలుముకుంది. ఎంతో అందంగా ఉంది. ఆయన దాన్ని చూడనే లేదు. రవ్వ కోసం గాజుకు ముక్కు ఆనించి వంగున్నాడు.

“ఏంది సార్, ఖరాబైందా?” ముందు వరుసలో కూర్చున్న ఛైర్మన్ అడిగాడు.

“లేదండీ, వోల్టేజీ ఇంకా పెరుగుతోంది.”

ఆ పెరగడం పది నిమిషాలు సాగింది. చివరికి అసిస్టెంటే వెళ్లి వాల్వు తిప్పింది. సుయ్‌మని గాలి లోపలికి దూరింది, ఊదా మాయమైంది, టప్‌మని రవ్వ దూకింది. హాలంతా చప్పట్లు.

“అదీ శూన్యం మహిమ!” అన్నాడు మా మేధావి, జార్ నిండా గాలి పెట్టుకుని.

మర్నాడు సెకండియర్ క్లాసులో, పల్చబడ్డ గాలిలోకి చార్జి కారిపోతూ ఊదాగా ఎందుకు వెలిగిందో అసిస్టెంటునే వివరించమన్నాను. మొదట బెరుకుపడింది, తర్వాత నలభై నిమిషాలు ఆగలేదు. ఆయన గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు.

సాయంత్రం స్టాఫ్ రూములో, కొత్తగా చేరిన లెక్చరర్‌కు ఆ ఊదా వెలుగు గురించి చెబుతున్నాడు. ఆమె మాటలే, తన సొంత పరిశోధనలా.

“ఇది పొద్దున మన ల్యాబ్ అసిస్టెంటు చెప్పిన పాఠం సార్,” అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన టీ కప్పులోకి చూస్తూ, “అవును, నేనే నేర్పించాను,” అన్నాడు.