మంచి కాలితో తక్కువ దూకాను

కొండ మీది సైన్యం పోస్టుకు చేరింది పొద్దున పదకొండు నలభైకి. పదమూడు వేల అడుగుల ఎత్తు. చలి మైనస్ పదకొండు డిగ్రీలు. వీపు మీద ఇరవై నాలుగు కిలోలు. అందులో నా బట్టలు ఆరు కిలోలు, మిగతాది ఉల్లిగడ్డలు, పప్పు, ఒక పెద్ద ప్రెషర్ కుక్కర్. నేను వంటవాణ్ణి. పన్నెండు మందికి వండాలి, సరుకు మోయాలి, నా వంతు కాపలా కాయాలి. వంటవాడంటే గరిటె పట్టుకుని కూర్చుంటాడని మీరనుకుంటారు. అక్కడ నడుముకు తాడు కట్టుకోనివాడు లేడు.

మంచు మీద నడిచేటప్పుడు ఒక తాడుకు ఇద్దరు, నా జత రేడియో ఆపరేటర్. సిద్దిపేట వైపు వాడు. నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది.

"అన్నా, పచ్చిపులుసు జేస్తవా?"

"చింతపండు తెచ్చిన."

"ఇగ నాకేం ఫికర్ లేదు."

నలభై మూడో రోజు సరుకు మోసుకొస్తుంటే ఎడమ పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. మోకాలిలో పట్‌మని చప్పుడు. లోపల లిగమెంటు తెగిందన్నారు, ఎముకనూ ఎముకనూ పట్టి ఉంచే కట్టు అది. ఆపరేషన్ చేశారు. ఏడు నెలలు డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు. తర్వాత రెండు నెలల సెలవు మీద నాచారంలో మా అక్క ఇంటికి వచ్చాను. సెలవు అయ్యాక మెడికల్ బోర్డు. పాసైతే మళ్లీ పోస్టు. లేకపోతే ఇక కొండ ఎక్కేది లేదు.

ఆపరేటర్ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు.

"నువ్వు పోయినకాడికెల్లి దాల్ అంటే పసుపు నీళ్లే అన్నా. నిన్న హవల్దార్ సాబ్ రొట్టెలు జేసిండు. బూటుకు అడుగేసుకోవచ్చు."

నవ్వేవాణ్ణి. ఫోన్ పెట్టేశాక అన్నం సహించేది కాదు.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మందుల షాపు పైన ఫిజియోథెరపీ మేడమ్ క్లినిక్ ఉండేది. వాళ్లది రాజమండ్రి వైపు, ఇల్లు నాగోల్‌లో. గదిలో నేలకు కొలత టేపు అంటించి ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి ముందుకు దూకాలి, అదే కాలి మీద తూలకుండా ఆగాలి. మడమ పడిన చోటును కొలుస్తుంది. బోర్డు పాసవ్వాలంటే మంచి కాలు దూకిన దూరంలో వందకు తొంభై వంతులైనా దెబ్బ కాలు దూకాలి. మొదటి రోజు కుడి నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు, ఎడమ తొంభై ఆరు.

"అరవై ఐదు వంతులండీ. కంగారేం లేదు, నెమ్మదిగా వస్తుంది" అంది.

ఏడు వారాలు అక్క ఇంటి మెట్లు ఎక్కాను, దిగాను. ఎడమ కాలు నూట పద్దెనిమిదికి వచ్చి ఆగిపోయింది. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కిన వాణ్ణి, లెక్కలు రావు. ఈ ఒక్క లెక్క మాత్రం తట్టింది. ఎడమ పెరగకపోతేనేం, కుడి తగ్గితే సరి.

ఆ రోజు అక్క కూడా వచ్చి బల్ల మీద కూర్చుంది. కుడి కాలితో నూట ముప్పై దగ్గర దిగాను. దూకగలిగింది నూట యాభై.

"ఏందిరా, పొద్దుగాల గదే కాలుతోని వాకిట్ల మోరీ కాలువ మీదికెల్లి ఇంకింత దూరం దుంకితివి కద" అంది అక్క.

"నువ్వు జర ఊకో అక్కా."

మేడమ్ పాత కాగితం తీసింది. "కుడి కాలు తగ్గిందేంటండీ?"

"పిక్క పట్టింది మేడమ్."

నా ముఖంలోకి చూసింది. 'పిక్క పట్టిందని చెప్పారు' అని పక్కన రాసుకుంది. "ఇప్పుడు తొంభై ఒకటి వస్తోంది గానీ, నేను నమ్మనండి. వారం ఆగి రండి, మళ్లీ కొలుద్దాం."

తలూపాను. ఆ రోజు కొలతల కాగితం అడిగి తీసుకున్నాను, మళ్లీ వెళ్లలేదు.

ఆటోలో అక్క అంది, "ఆ పిల్లను మోసం జేసినవ్."

"ఆడ నా కోసం చూస్తున్నరక్కా."

"అందుకేరా చెప్పేది."

నాలుగో రోజు బోర్డు. డాక్టరు మోకాలు వంచి చూశాడు, కాగితం చూశాడు, సంతకం పెట్టాడు.

పోస్టుకు తిరిగి వెళ్లిన పందొమ్మిదో రోజు. ఉదయం ఏడు ఇరవై. సరుకు కోసం మంచువాలు దిగుతున్నాం. ముందు నేను, ఎనిమిది మీటర్ల తాడు, వెనక ఆపరేటర్. రేడియో సెట్ బటన్లు నొక్కడానికి చేతి తొడుగులు తీసేసి ఉన్నాడు. ఎడమ కాలి మీద బరువు వేశాను. మోకాలు నిలవలేదు. జారిపోయాను. తాడు సర్రున లాగింది, ఆగింది.

"ఆగినవా అన్నా?"

"ఆగిన."

పైన సెట్‌లో హవల్దార్ గొంతు హిందీలో గరగరమంది. ఎవరు పడ్డారని.

"ఎవ్వరూ పడలేదు సాబ్. మన దాల్ సలామత్" అని ఆపరేటర్ కూడా హిందీలోనే చెప్పాడు.

పైకి పాక్కుంటూ వెళ్లి చూశాను. రెండు అరచేతుల తోలూ తాడు వెంట పోయింది.

వాతావరణం మూసుకుపోయి హెలికాప్టర్ తొమ్మిది రోజులు రాలేదు. ఆ తొమ్మిది రోజులూ అతనికి నేనే అన్నం తినిపించాను. హెలికాప్టర్ వచ్చేలోపు హవల్దార్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. నన్నూ అందులోనే దించేశారు. శిక్ష పడింది, పడాల్సిందే. ఆపరేటర్ చేతులు మానాయి గానీ రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. నేను కొన్నాళ్లకు ఫౌజు వదిలి నాచారం వచ్చేశాను.

వచ్చిన వారంలోనే ఉప్పల్ వెళ్లి మేడమ్‌కు జరిగింది చెప్పాను. ఆమె నా పాత కాగితం తీసింది. తర్వాత, "చెప్పులు విప్పండి. ఈసారి రెండు కాళ్లతోనూ నిజంగా దూకండి" అంది. కుడి నూట యాభై ఒకటి. ఎడమ నూట పదిహేడు. రెండూ రాసుకుంది.

సెంటీమీటర్లు నాకు గుర్తుండకపోయినా పర్వాలేదు. బంకర్‌లో ఆ తొమ్మిది రోజుల్లో మూడో రోజు మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. పచ్చిపులుసు అన్నం కలుపుతూ అతనికి చెప్పేశాను.

"కాలు తయారు కాలే తమ్మీ. తెల్సే వచ్చిన. మంచి కాలుతోని కావాలని తక్కువ దుంకిన."

నోట్లో ముద్ద నమిలి మింగాడు. "ఎంత తక్కువ?"

"ఇరవై సెంటీమీటర్లు."

కట్లు కట్టిన రెండు చేతులూ పైకెత్తి ఎడంగా పట్టాడు. "గింతనా?"

కొంచెం ఎక్కువే పట్టాడు. నా ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుని దగ్గరికి జరిపి, ఇరవై దగ్గర ఆపాను. ఆ సందులోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నోరు తెరిచాడు, ఇంకో ముద్ద పెట్టమని.