నానిన చాప

ధర్మవరంలో ఇల్లు మారుతున్న మా తమ్ముడు, అటక మీద దొరికిందంటూ పట్టుగుడ్డ చుట్టిన ఒక పొడవాటి మూటను నిరుడు హిందూపురంలోని నా ఇంటికి తెచ్చి, “అన్నా, ఇది నీకాడ ఉంటేనే మేలు” అని పెట్టి పోయాడు. విప్పాను. మా చిన్నాయన జపాను కత్తి. టేపుతో కొలిచాను, పిడి కాక రెండడుగుల మూడంగుళాలు. కొలత రాసుకున్నాక చేయవలసింది ఇంకేమీ తోచలేదు.

తేదీ లేని జ్ఞాపకాన్ని నేను నమ్మను గనుక, తెలిసిన సంవత్సరాలే చెబుతాను. చిన్నాయన బర్మా యుద్ధానికి సిపాయిగా వెళ్లి 1946లో పెనుకొండకు తిరిగి వచ్చాడు. లొంగిపోయిన జపాను సైనికుల ఆయుధాలలో ఒకటి ఆయనకు దక్కింది. ఉక్కును మడిచి మడిచి సమ్మెటతో కొట్టి చేసిన కత్తి. పదును పొడవునా పొగమంచు వంటి తెల్లని అలగీత ఒకటి ఉండేది. బందీగా ఉన్న ఒక జపానువాడు సాధన పద్ధతిని కర్రతో, సైగలతో చూపాడట: చాపను రాత్రంతా నానబెట్టి, గట్టిగా చుట్టి, మేకుకు నిలబెట్టి, ఏటవాలుగా ఒక్క వేటు.

1956లో చిన్నమ్మ కాన్పులో పోయింది. చిన్నాయన ఏడవలేదు, పెడితే తిన్నాడు, మాట మాత్రం మానేశాడు. కొన్ని నెలలకు ఒక ఉదయం తనంతట తానే అటక మీంచి కత్తి దించి, రోజూ సాధన మొదలుపెట్టాడు. నాటి నుంచి సాయంత్రం తొట్టిలో చాప నానబెట్టడం మా అవ్వ పని. హిందూపురంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను పాత చాపలు మోసుకొచ్చేవాణ్ణి. “కొత్తవి పెట్టుకొని కూర్చుంటే పాతవి అడుగుతాండావేమప్పా” అని చాపలమ్మేవాడు నవ్వేవాడు. పక్కింటి పెద్దాయన గోడ మీదుగా, “ఏమబ్బా, ఆ చాప నీకేం ద్రోహం చేసింది?” అనేవాడు. “కింది తుంట కదలగూడదు మామా. కదిలితే తెగినట్టు కాదు,” అనేవాడు చిన్నాయన. ఆయన నోట దినమంతటికీ వచ్చేది ఆ మాటే. దానికోసం అవ్వ తలుపు వెనుక నిలబడేది. కత్తి ఆగితే కొడుకు మాట కూడా ఆగిపోతుందని ఆమె భయం.

1958 ఆయుధపూజనాడు చేను దున్నే మడక నుంచి కత్తెర దాకా అన్నీ కడిగి బొట్టు పెట్టారు. కొడుకు నోట మాట తెచ్చిన వస్తువుకు పూజ తప్పకూడదని, ఆయన చేనికి పోయిన వేళ అవ్వ ఆ కత్తిని ఇత్తడి దీపాల మాదిరిగా చింతపండుతో, ఇటికపొడితో తోమి, పసుపు కుంకుమ పెట్టింది. కత్తి తళతళలాడింది. చిన్నాయన వచ్చి దాన్ని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

“ఆ గీత యాడమ్మా?”

“మరక మాదిరి ఉన్నింది నాయనా. చింతపండుకు పోకుంటే ఇటికపొడి ఏసి తోమినా.”

దాన్ని తిరిగి పూజలో పెట్టి, “బాగుండాదిలేమ్మా,” అన్నాడు.

మరునాడు వేటు వేశాడు. ఇటికపొడి రుద్దుడుకు పదును మొద్దుబారి చాప తెగలేదు, చీలింది. మేకుతో సహా ఒరిగిపోయింది. చిన్నాయన కత్తి తుడిచి చుట్టి పెట్టేశాడు. 1961లో కత్తిని వెంట తీసుకుని ధర్మవరం మగ్గాల పనికి పోయేదాకా ఆయన మాట మాకెవరికీ వినబడలేదు.

ఆయన ధర్మవరం పోయాక కూడా అవ్వ ప్రతి సాయంత్రం చాప నానబెట్టేది. ఉదయాన తీసి గోడ మీద ఆరవేసేది. మా ఇంట్లో పుట్టినవాళ్లవీ పోయినవాళ్లవీ తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. అవ్వ చాప నానబెట్టడం ఏనాడు మానిందో మాత్రం లేదు; ఆమె ఆశ వదులుకున్న రోజుకు తేదీ లేదు.