ఏసీ గదిలో ఊఁ కొట్టిన అవ్వ

మాది అనుమసముద్రంపేట. దర్గా వీధిలో మా అబ్బాకి పూలూ ఊదొత్తులూ అమ్మే అంగడి ఉండేది. గాలి సోకిందని, దయ్యం పట్టిందని ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని తీసుకొచ్చేవాళ్ళు. వాళ్ళ ఏడుపులు వింటూ అన్నం తిని పెరిగినవాణ్ణి. వాళ్ళ బాధను ఎప్పుడూ తక్కువ చేయలేదు గానీ దయ్యాన్ని మాత్రం నమ్మలేదు. ఆ వీధిలో పుట్టిన నాకే కనబడనిది ఇంకెవరికి కనబడుతుంది అనేవాణ్ణి. ఇప్పటికీ అంటాను. కాకపోతే మునుపున్నంత గట్టిగా అనలేను.

ఇది ఎనభైల చివరి మాట. బీకాం పాసై, నెల్లూరులో కొన్నాళ్ళు కంప్యూటరు కోర్సు చేసి ఖాళీగా ఉన్నాను. ఆత్మకూరులో వేరుశనగ నూనె మిల్లు నడిపే శెట్టిగారు ఒకాయన మద్రాసు నుంచి కంప్యూటరు కొనుక్కొచ్చి, దానికి ప్రోగ్రాం రాసే మనిషి కోసం చూస్తున్నాడని తెలిసి వెళ్ళాను. వచ్చునా అని అడిగాడు. వచ్చు సార్ అన్నాను. వచ్చింది సగమే. మిగతా సగం అక్కడ కూర్చుని నేర్చుకోవలసిందే. చెప్పేవాడు లేడు. మిషనుతో పాటు వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే దిక్కు.

"కాటా మీద తూచిన సరుకు లెక్క మిషనే చెప్పాల. కొత్తకాయ పంట మిల్లుకి వచ్చేలోపల కాకపోతే మిషను మద్రాసుకి, నువ్వు పేటకి," అని శెట్టిగారు మొదటి రోజే తేల్చేశాడు. పేటకు పోవడమంటే మళ్ళీ ఊదొత్తుల అంగడి. ఇక నా జీతం మీదే చెల్లెళ్ళ చదువు సాగాలి. ఈ పని పోతే వాళ్ళను బడి మాన్పించాల్సిందే.

మిషనుకు విడిగా ఒక గది, దానికి ఏసీ. మిల్లు పొట్టు లోపలికి రాకుండా కిటికీలకు కాగితాలు అంటించారు. చెప్పులు బయటే విడవాలి. పనివాళ్ళెవరినీ రానిచ్చేవాళ్ళు కాదు. పూజగదికి కూడా అంత మడి ఉండదు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. ప్రోగ్రాం నడవక నేను తిక్కతో ఉన్నాను. ఒక్కో వరసనూ తెలుగులోకి మార్చి, తిట్టినట్టు పైకి చదువుతున్నాను. వెనక నుంచి "ఊఁ" అని వినిపించింది.

తిరిగి చూస్తే గోడవారగా కాళ్ళు చాపుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. నేరేడుపండు రంగు చీర. ఎడమ చెవితమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. మిల్లు వెనకే శెట్టిగారి ఇల్లు కాబట్టి, చల్లదనానికి వచ్చిన పెద్దామె అనుకున్నాను.

"ఆగినావేంది? చెప్పు నాయనా," అంది.

నాకు చిర్రెత్తింది. ఓనరు ఇంటి మనిషిని ఏమంటాం? మళ్ళీ మొదటి నుంచి చదివాను. పిల్లలు కథ వింటున్నట్టు వరస వరసకీ ఊఁ కొట్టింది. ఒకచోట ఊఁ రాలేదు. నిద్రపోయిందేమోనని చూస్తే కళ్ళు తెరిచే ఉంది. ఆ వరస ఇంకోసారి చూసుకున్నాను. తప్పు అక్కడే ఉంది.

ఆ తర్వాత చాలాసార్లు వచ్చింది, ఎప్పుడూ మధ్యాహ్నాలే. తలుపు చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. ఎర్రదారంతో పట్టీ కుట్టిన చెప్పులు మాత్రం గుమ్మం బయట కనిపించేవి. ప్రోగ్రాం రాయడం నేను ఆమెకు చెబుతూనే నేర్చుకున్నాను. ఏదైనా పైకి చెప్పుకుంటే తప్పు దానంతటదే బయటపడుతుంది, ఇందులో వింతేముంది అని సర్దిచెప్పుకున్నాను.

కొత్తకాయ రేపో మాపో వస్తుందనగా అసలు చిక్కు వచ్చిపడింది. ఉన్న సరుకు కంటే మిషను ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. ఎంత వెతికినా కారణం దొరకలేదు. సరిగ్గా అప్పుడే అవ్వ రావడం మానేసింది. గోడకు చదివి వినిపించాను. లాభం లేదు. చివరికి శెట్టిగారినే అడిగాను.

"అవ్వ రావడంలేదేంది సార్?"

"ఏ అవ్వరా?"

చీర రంగు చెప్పాను. చెవి సంగతి చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాడు. జీపెక్కమన్నాడు. నేరుగా ఉదయగిరికి పోనిచ్చాడు.

కొండ కింద వాళ్ళ అన్నగారి ఇల్లు. మధ్యగదిలో మంచం మీద ఆమే ఉంది. అదే చెవి. శెట్టిగారి తల్లి. పక్షవాతం వచ్చి ఏడాదిగా లేవలేదట. మంచం కింద ఎర్రదారం చెప్పులు, వాటి సందుల్లో వేరుశనగ పొట్టు. ఆ ఇంట్లో అందరూ కాయల వ్యాపారులే, పొట్టు ఎక్కడైనా ఉంటుంది. దాన్ని నేను సాక్ష్యం అనను.

కానీ శెట్టిగారి వదిన అన్న మాటను అట్లా కొట్టిపారేయలేను. "అత్తకి మాట పడిపోయి ఏడాదయిందయ్యా. మధ్యానమయితే మాత్రం ఎవురో కథ చెప్తా ఉన్నట్టు ఊఁ కొడతా ఉన్నింది. ఈమధ్య అదీ లేదు."

శెట్టిగారు స్టూలు మంచం దగ్గరికి జరిపాడు. "ఏం చెప్పేవోడివో అది చెప్పరా మస్తానూ," అన్నాడు.

ప్రోగ్రాం నాకు కంఠతా వచ్చు. మొదలుపెట్టాను. లారీ వస్తుందవ్వా అన్నాను. పెదవులు కదల్లేదు గానీ గొంతులోంచి ఊఁ అంది. శెట్టిగారు తల్లి పాదాలు పట్టుకున్నాడు. బస్తా కాటా మీద పెడతారు. ఊఁ. ఆ బరువును ముందు బరువుకి కలుపుతాను. ఊఁ. అట్లా కలుపుతూ ఉంటే లారీ ఖాళీ అవుతుంది. ఊఁ. ఇంక రెండో లారీ మొదలవుతుంది.

ఊఁ రాలేదు.

ఆ వరస మళ్ళీ చెప్పాను. రాలేదు. వదినగారు వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గొల్లుమంది.

కర్మంతరాలయ్యేదాకా మిల్లు తెరవలేదు. తెరిచిన రోజు మిషను ముందు కూర్చున్నాను గానీ ఆ వరస తీయడానికి చేతులు రాలేదు. ఎట్లాగో తీశాను. మొదటి లారీ అయిపోగానే దాని మొత్తాన్ని ఖాతాలో వేసి, కూడికను సున్నా చేసి, అప్పుడు రెండో లారీ మొదలుపెట్టాలి. నేను సున్నా చేయలేదు. పాత బరువంతా కొత్తదానికి వచ్చి కలుస్తోంది. ఒక్క వరస చేర్చాను. లెక్క సరిపోయింది. నా ఉద్యోగం నిలిచింది, చెల్లెళ్ళు బడి మానలేదు.

అక్కడ తప్పుందని ఊఁ కొట్టలేదో, ఆ క్షణానికే ప్రాణం పోయిందో నాకు తెలియదు. మంచం దిగలేని మనిషి ఆత్మకూరు గదిలోకి ఎలా వచ్చేదో అంతకన్నా తెలియదు.

శెట్టిగారు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొన్నేళ్ళకు వేరే ఊళ్ళో పని దొరికి, నేను సెలవు తీసుకునే రోజున మాత్రం అడిగాడు.

"మా అమ్మ నీతో ఏమైనా మాట్లాడిందా రా?"

"చెప్పు నాయనా అనింది సార్," అన్నాను.

ఆయన చెప్పులు విడిచి ఏసీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల ఆయన ఏదో చెబుతున్నట్టు వినిపించింది. నేను బస్సుకు వచ్చేశాను.